దానంతట అదే తగ్గిందట

పడుకుందామని దీపం కూడా ఆర్పేశాను. పక్క గదిలో ఈయన వాళ్ల అన్నయ్యతో ఫోనులో మాట్లాడుతున్నారు. "బండిలో నీళ్లు కారడమా? ఆ, అది తగ్గిపోయింది అన్నయ్యా. దానంతట అదే తగ్గింది" అన్నారు. జలుబు తగ్గినట్టు! మళ్లీ లేచి దీపం వేసుకుని కూర్చున్నాను.

ఆయన అబద్ధమాడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నిజంగా అలాగే నమ్ముతున్నారు. ఉదయం ఆఫీసుకు వెళ్లేటప్పుడు కారుతోంది, రాత్రి వచ్చి చూస్తే కారడం లేదు. నడుమ ఏదో జరిగి ఉండాలన్న అనుమానమే రాలేదు. నా మోచేతి మీద గీరుకుపోయిన చర్మం మాత్రం కనిపించింది. "పిల్లి గీరిందా?" అని అడిగారు. అవునన్నాను.

పెద్దబండి కథ మొదటి నుంచి చెప్పను. బావగారు మోజుపడి పాత వ్యానులో మంచాలు, వంటగట్టు, స్నానాలగది అన్నీ పెట్టించి, మోజు తీరాక మాకు అంటగట్టారని ఇక్కడికి వచ్చి నా రాతలు చదివేవాళ్లందరికీ తెలుసు. ఆ పని చేసిన వర్క్‌షాపును ఆయన ఇప్పటికీ మెచ్చుకుంటారు. దాని పేరు రాయను. ఆయన ఇది చదువుతారు.

బండిలో ఉన్నది పన్నెండు వోల్టుల చిన్న పంపు. కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి పడిపోయి పంపు తిరుగుతుంది. కుళాయి కట్టేస్తే ఒత్తిడి 40, 45 పీఎస్‌ఐ దాకా పెరిగి అదే ఆగిపోతుంది. అంటే కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు అది నోరెత్తకూడదు. మాది మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే ఉండుండి గుర్రుమని ఒక్క క్షణం తిరిగి ఊరుకునేది. ఎక్కడో ఒత్తిడి పోతోందని అర్థం. రుషికొండ దగ్గర బండిలో పడుకున్న రాత్రి సముద్రపు హోరులో కూడా నాకు అది వినిపించింది. ఈయనకు వినిపించలేదు. పొద్దున్నే చెబితే "పంపు అన్నాక చప్పుడు చేయదా?" అన్నారు.

తర్వాత సింకు కింద అరలో తడి కనిపించింది. అప్పుడు ఈయన చేసిన మరమ్మతు ఏమిటంటే, అక్కడ ఒక స్టీలు చెంబు పెట్టడం. రోజూ ఉదయం ఆ చెంబు తీసి కరివేపాకు మొక్కకు పోసి, మళ్లీ అక్కడే పెట్టి, తన వంతు పని అయిపోయినట్టు పేపరు తెరిచేవారు. పైగా "ఇవాళ అరచెంబే" అని ప్రకటన. చుక్కే కదా, పరవాలేదు అంటారు. ఈ పరవాలేదు అన్న మాటతోనే మా పెళ్లయినప్పటి నుంచి వేగుతున్నాను. పంపు స్విచ్చి ఆపేసి ఉంచిన రోజు ఒత్తిడి లేక కారడం తగ్గేది, చెంబు నిండేది కాదు. దాన్ని చూసి కూడా "చూశావా, తగ్గుతోంది" అనేవారు.

ట్యాంకు కాస్త ఖాళీగానైనా ఉంచుదామంటే అత్తయ్యగారు ఒప్పుకోరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖ మీద పడ్డాక, కరెంటు లేక, మోటార్లు తిరగక, ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ మనిషి ఆవిడ. అప్పటి నుంచి ఖాళీ పాత్ర కంటపడితే నింపేస్తారు. బండి ట్యాంకు కూడా ఆవిడ లెక్కలో ఒక బిందె. నూరు లీటర్లంటే నూరు కిలోలు, ఊరికే నిలబడిన బండి స్ప్రింగులు రాత్రీ పగలూ అంత బరువు మోస్తున్నాయని చెప్పి చూశాను. "మోయడానికే కదమ్మా చేశారు" అన్నారు. దానికి జవాబు లేదు.

నా పోరు పడలేక ఈయన ఒక ప్లంబరును పిలిపించారు. నీళ్లు బయటికి కనిపించేది వెనక మెట్టు దగ్గర కాబట్టి అతను నేరుగా వెనకనున్న స్నానాలగదిలోకి వెళ్లి, మంచిగా ఉన్న కుళాయిని విప్పాడు. మధురవాడలో చదునైన వీధి ఎక్కడుంది? మా బండి వెనక్కి వాలి నిలబడుతుంది. ముందు వైపు ఎక్కడ కారినా ఆ నీళ్లు నేల మీద పరిచిన ప్లైవుడ్ వెంట పాకి వెనక మెట్టు దగ్గరే తేలతాయి. అది చెబుతుంటే అతను ఈయన వైపు తిరిగి "మేడమ్‌కు మీరు చెప్పండి సార్" అన్నాడు. తర్వాత కుళాయి నట్టు కింద తెల్ల టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి, చుట్టి, ఇంకా చుట్టి. ఆ జాయింటులో నీళ్లు ఆపేది టేపు కాదు, నట్టు లోపలి రబ్బరు వాషరు. అది పాడైతే వాషరు మార్చాలి, మర చుట్టూ ఎంత టేపు చుట్టినా ఒరిగేదేమీ లేదు. "టేపు ఎక్కువైతే మంచిదే కదమ్మా" అన్నాడు. మంచిది కాదు. ప్లాస్టిక్ మరలో టేపు దట్టంగా కూరి బిగిస్తే బయటి ముక్క చీలుతుంది. ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు కాబోలు. డబ్బులు తీసుకుని వెళ్లాడు. చెంబు తన చోటులో తాను ఉంది.

ఇక నేనే చేద్దామని మొన్న పూర్ణా మార్కెట్ వైపు ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. "సార్ రాలేదా అమ్మా? సైజు తెలుసా?" అన్నది మొదటి పలకరింపు. గొట్టానికి వేసే క్లిప్పులు అడిగితే స్టీలువే అని ఒక గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు. సంచిలోంచి అయస్కాంతం తీసి ఒక్కో దానికి ఆనించాను. పట్టీకి అంటుకోలేదు, బిగించే మరకు మాత్రం టక్కున అంటుకుంది. పట్టీ స్టీలు, మర ఇనుము. సముద్రపు గాలిలో ఆ మర తుప్పుపట్టిపోయాక పట్టీ ఎంత మంచిదైతే ఏం లాభం? మొత్తం స్టీలువే కావాలన్నాను. 316 రకం ఉందా అని కూడా అడిగాను. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుగాలికి మామూలు 304 రకం స్టీలు కంటే బాగా ఆగుతుంది. అతను లోపలికి వెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు, 316 అనే చెప్పాడు. ఆ రెండింటికీ తేడా అయస్కాంతం చెప్పలేదు. నమ్మి తెచ్చుకున్నాను.

ఆ అయస్కాంతం మా ఫ్రిజ్ మీదిది, కురుసుర జలాంతర్గామి బొమ్మ ఉన్నది. దాన్ని చేతిలో పట్టుకుంటే నాన్న గుర్తుకు రాకుండా ఉండరు.

ఆ జలాంతర్గామి సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001 దాకా పనిచేసి, 2002లో బీచ్ రోడ్డు మీద మ్యూజియం అయింది. తెరిచిన కొత్తలో జనం విరగబడి చూస్తుంటే మేమూ వెళ్లాం. నాన్న అప్పటికి షిప్‌యార్డులో పైపు ఫిట్టరు. (1948లో నెహ్రూగారు జల ఉష అనే ఓడను నీళ్లలోకి దింపిన ముచ్చట తాను పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేవారు. అప్పటికి ఆయన ఇంకా పుట్టలేదు.) లోపల అందరూ టార్పెడోలనూ, నావికులు పడుకునే ఇరుకు బల్లలనూ చూస్తూ ముందుకు పోతుంటే నాన్న తల పైకెత్తి పైపులు చూస్తున్నారు. ఒక వాల్వు దగ్గర ఆగిపోయారు. దాని మీద చెయ్యి వేసి అటూ ఇటూ తడుముతూ, అక్కడ నిలబడ్డ గైడును ఇది ఏ లైను అని అడిగారు. ఆ గైడు నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. టార్పెడో గురించి తప్ప ఇంకేదీ ఎవరూ అడగక విసిగిపోయి ఉన్నాడేమో, అతని ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ మొదలుపెట్టారు. వెనక వరుస ఆగిపోయింది. పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో కదలండి కదలండి అని అరుస్తున్నారు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "మీ నాన్నను లాక్కురా" అంటోంది. అక్కడ పక్కకు తప్పుకోవడానికి చోటెక్కడ? నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ గొడవ మధ్యలోనే నాన్న నా వైపు తిరిగి పైపు పరీక్ష ఎలా చేస్తారో చెప్పడం మొదలుపెట్టారు. పైపు నిండా నీళ్లు పట్టి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, వాల్వు మూసేసి కూర్చోవాలట. పైపును కాదు, మీటరు ముల్లును చూడాలట. తడి కంటికి కనిపించేలోగా ముల్లు కదిలి చెబుతుందట. అప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు, చెవులు మాత్రం విన్నాయి. ఇన్నేళ్ల తర్వాత రుషికొండలో పంపు గుర్రుమన్నప్పుడు నాకు వెంటనే ఆ ముల్లు గుర్తొచ్చింది.

నాన్నను ఇంత పొగుడుతున్నాను గానీ, మల్కాపురంలో మా పెరటి కుళాయి నేను బడిలో చేరినప్పటి నుంచి పెళ్లయ్యేదాకా కారుతూనే ఉంది. రాత్రిళ్లు బకెట్లో చుక్క పడే చప్పుడుకు నిద్ర పట్టడం లేదని అమ్మ సాధించేది. ఓడల పైపులు పరీక్షించే ఆ మనిషి చేసిందేమిటో తెలుసా? కుళాయి మూతికి ఒక నూలుదారం కట్టారు. చుక్క దారం వెంట జారి చప్పుడు లేకుండా బకెట్లోకి దిగుతుంది. దారం కుళ్లితే కొత్త దారం. అంతేగానీ వాషరు మార్చలేదు. అమ్మ కూడా ఆ తర్వాత అడగలేదు. బకెట్టు నీళ్లు మందార మొక్కకు పోసేది.

మరి ఈయన చెంబును ఎందుకు అంతగా ఆడిపోసుకుంటున్నాను? పైనంతా కోపంగానే రాశాను, ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రోజంతా జాయింట్లు బిగించిన మనిషి ఇంటికొచ్చి పానా పట్టుకోలేకపోవడం తప్పేమీ కాదు. ఈయనా అంతేనేమో. ఆఫీసులో రోజంతా ఎవరెవరి పొరపాట్లో సరిచేసి వస్తారు. నాన్న దారాన్ని ముద్దుగా చెప్పుకుంటూ, ఈయన చెంబును దెప్పిపొడవడం న్యాయం కాదు.

కాదు, న్యాయమే. మల్కాపురంలో కుళాయి కింద ఉన్నది సిమెంటు గచ్చు, దానికి నీళ్లు తగిలితే వచ్చే నష్టం లేదు. బండిలో చెంబు కింద ఉన్నది ప్లైవుడ్. చెంబులో పడింది అరచెంబు అయితే పడనిదెంతో ఎవరు చూశారు? వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. ఇంకొకటి, దారం కట్టిన మాట నిజమే గానీ కుళాయి బాగైపోయిందని నాన్న ఎవరికీ ఫోను చేసి చెప్పలేదు.

ఇవాళ మార్గశిర గురువారం. అత్తయ్యగారు తెల్లవారకముందే బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనానికి వెళ్లారు. ఆ వరుసలో నిలబడితే మధ్యాహ్నం దాకా రారు. ముందు పంపు పక్కనున్న బాల్ వాల్వు మూసి కూర్చున్నాను. పంపు కదల్లేదు. అంటే పంపులోంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోవడం లేదు, తప్పు ముందున్న గొట్టాలదే. వాల్వు తెరిచి ఒక్కో జాయింటుకు టిష్యూ కాగితం చుట్టి, కింద ముగ్గుపిండి చల్లాను. చుక్క పడితే పిండిలో గుంట కనిపిస్తుంది. సింకు వెనక, కుళాయికి వెళ్లే ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క దగ్గర కాగితం తడిసింది. టేపు పొరలు విప్పితే కింద మర ముక్కలో సన్నటి చీలిక.

ఆ వర్క్‌షాపు వాళ్లు ఇంటికి వేసినట్టు సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపును ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా బిగించి గమ్ముతో అతికించేశారు. చూడడానికి ముచ్చటగా ఉంది, ఒప్పుకోవాలి. కానీ అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు బండి ఒళ్లంతా మెలి తిరుగుతుంది. పైపు తిరగదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విరుగుతుంది. విదేశాల వాళ్ల వీడియోలు చూస్తే అందరూ చలికి నీళ్లు గడ్డకట్టి పైపులు పగలడం గురించే చెబుతారు. లేకపోతే 1990ల నడుమ దాకా అక్కడి బండ్లలో వేసిన బూడిదరంగు పాలీబ్యుటిలీన్ పైపులను తిడతారు. మనకు మంచు లేదు, ఆ పైపులూ లేవు. మనకు ఉప్పుగాలీ ఘాటు రోడ్లూ చాలు.

చీలిన ముక్క కోసి తీశాను. పైపులో మిగిలిన నీళ్లు జారుతుంటే గమ్ము పట్టదు, అందుకని బ్రెడ్డు ముక్క ఒకటి లోపలికి కూరాను. తర్వాత అది నాని కొట్టుకుపోతుంది, కుళాయి మూతి జల్లెడ విప్పి ఉంచితే చాలు. ఇత్తడి మర ఉన్న ముక్క అతికించి, నడుమ ఒక వంగే గొట్టం పెట్టి క్లిప్పులు బిగించాను, బండి మెలితిరిగితే ఆ గొట్టమే వంగుతుంది. గమ్ము ఆరడానికి సాయంత్రం దాకా వదిలేశాను. దీపాలు పెట్టేవేళ పంపు వేస్తే తిరిగింది, ఆగింది, మళ్లీ తిరగలేదు. సింకు కింద తల పెట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాను. చాలా బాగుంది.

అత్తయ్యగారు వచ్చి "బండిలో ముగ్గెందుకు వేశావు?" అని అడిగారు. గురువారం కదా అన్నాను. సంతోషించారు.

గీజరు పక్క వాల్వు నుంచి మాత్రం నీళ్లు కాగినప్పుడు చుక్కలు పడుతున్నాయి. అది పడాలి. కాగిన నీరు వ్యాకోచిస్తుంది, పంపు వెనక్కి పోనివ్వదు, ఆ ఎక్కువైనది అక్కడి నుంచే బయటికి రావాలి. ఈయన ఎంసీల్ పట్టుకుని దాని మీదికి వెళ్లకుండా "ముట్టుకోవద్దు" అని చీటీ అంటించాను.

ఇక మిగిలింది సింకు కింద నేల. ఆ ప్లైవుడ్ తీసేసి నీళ్లకు ఆగే మెరైన్ ప్లై వేయాలి, ఖరీదు తక్కువేమీ కాదు. సంక్రాంతికి బావగారు వస్తున్నారు, అందరం బండిలో లంబసింగి వెళ్దామని ఇప్పుడే ఫోనులో అన్నారట. వాళ్ల వర్క్‌షాపు చేసిన పనికి సగం ఖర్చు ఆయన పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఈయన అడగరు. బావగారు ఇది చదువుతారు కాబట్టి అడగాల్సిన పని కూడా ఉండకపోవచ్చు.