మంగళవారం, మట్టి ల్యాబులో

పొద్దున్న తాళం తీయగానే ముందు చూడాల్సింది ఉబ్బు కొలిచే డయల్ గేజ్ కాదు. ఈడోమీటరు (ఉక్కు రింగులో పెట్టిన మట్టి ఎంత ఉబ్బుతుందో, ఎంత అణుగుతుందో కొలిచే పరికరం) సెల్లులో నీళ్ళున్నాయా లేవా, అది చూడాలి. ఎండాకాలం వేడికి రాత్రికి రాత్రే నీటిమట్టం శాంపిల్ పైనున్న పోరస్ రాయి (నీళ్ళు దిగే బిళ్ళ) కిందికి దిగిపోతుంది. దిగిందంటే శాంపిల్ పైనుంచి ఆరడం మొదలుపెడుతుంది, ఉబ్బు ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గ్రాఫులో గీత చక్కగా పడుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఉబ్బడం పూర్తయిందని రాసేస్తారు. అందుకే రీడింగు పక్కన నీటిమట్టానికీ ఒక గడి ఉండాలి. ఇవాళ నీళ్ళు సరిపడా ఉన్నాయి.

ఈడోమీటరు ఫ్రేముల్లో ఉన్నది గుంటూరు వైపు నల్లరేగడి. మీటరున్నర లోతు గుంట అడుగునుంచి తీసిన మట్టి. అంతకంటే పైన వేళ్ళు, పేడ, వేసవి నెర్రెల్లోకి రాలిన పైమట్టి అన్నీ కలిసి ఉంటాయి. సున్నపు గులకలు కూడా ఉంటాయి, వాటిని చేత్తో ఏరేయాలి. రోకలికి దొరికితే పొడై మట్టిలో కలిసిపోతాయి, ఆ తర్వాత వచ్చే అంకెలు పొలంలోని మట్టివి కావు. సంచీ లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. లోపలి చీటీకి ప్లాస్టిక్ కవరు తప్పనిసరి, లేకపోతే తేమకి సిరా కరిగి వట్టి కాగితం మిగులుతుంది.

నిన్న మధ్యాహ్నం పోసిన ఫ్రీ స్వెల్ (బరువేమీ లేకుండా మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష) జార్లు ఇవాళ చూడాలి. భారత ప్రమాణాల కోడ్ ఐ.ఎస్. 2720, 40వ భాగం ప్రకారం 425 మైక్రాన్ల జల్లెడలో దిగి ఓవెన్‌లో ఆరిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. జార్లలో పోస్తారు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్. కిరోసిన్ అణువులకి ధ్రువత్వం లేదు, బంకమట్టి దాన్ని పట్టించుకోదు, ఉబ్బదు. పరీక్ష ఇంతే, ఇందులో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది. ముఖ్యంగా చెడేది పోసేటప్పుడు. పది గ్రాములూ ఒక్కసారి కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, 24 గంటలైనా అవి విడవవు. చిటికెడు చిటికెడు జారవిడిచి, గాజు కడ్డీతో నెమ్మదిగా కలిపి బుడగలు పోగొట్టాలి. రెండోది చదివేటప్పుడు. నీళ్ళ జారులో మట్టి మీద మసక పొర ఒకటి నిలుస్తుంది, దాని పైఅంచు చదివితే రెండు మూడు మి.లీ. ఎక్కువ వస్తుంది. వెనక తెల్లకాగితం పెట్టి, కంటిని మట్టి మట్టానికి దించి చూస్తే అసలు అంచు తెలుస్తుంది. ఈ రోజుల్లో కిరోసిన్ సంపాదించడం వేరే పరీక్ష, దానికి కోడ్ లేదు.

మట్టి నీళ్ళలో 21 మి.లీ., కిరోసిన్‌లో 11 వచ్చిందనుకుందాం. తేడా పదిని పదకొండుతో భాగిస్తే 91 శాతం. ఐ.ఎస్. 2911, 3వ భాగం పట్టికలో 50 దాటితే 'చాలా ఎక్కువ'. అవే రెండు అంకెల్ని పరిశోధకులు ప్రకాశ్, శ్రీధరన్ 2004లో చెప్పిన ఫ్రీ స్వెల్ రేషియోలో పెడితే 21 బై 11, అంటే 1.9. వాళ్ళ పట్టికలో 1.5 నుంచి 2 దాకా 'మధ్యస్థం'. ఒకే మట్టి, ఒకే జార్లు, రెండు పేర్లు. రేషియో ఎందుకొచ్చిందంటే కయొలినైట్ (పెద్దగా ఉబ్బని బంక ఖనిజం) ఎక్కువున్న మట్టి కిరోసిన్‌లోనే ఎక్కువ చోటు తీసుకుంటుంది. పాత సూత్రంలో అది మైనస్ శాతంగా వస్తుంది, మైనస్ ఉబ్బుకి అర్థం లేదు. రిపోర్టులో రెండు జార్ల రీడింగులూ రాయాలి, శాతం ఒక్కటే రాస్తే చదివేవాడికి వెనక్కి వెళ్ళే దారి ఉండదు.

తర్వాత రేపటి శాంపిల్‌కి నీళ్ళు కలపడం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. గాలికి ఆరిన నల్లరేగడి పొడిగా కనిపిస్తుంది కానీ లోపల తేమ ఉంటుంది, ఎనిమిది శాతం దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. 200 గ్రాముల మట్టిని 22 శాతానికి తేవాలంటే పోయాల్సిన నీళ్ళు 200 ఇంటూ 14 బై 108, అంటే దాదాపు 26 గ్రాములు. ఉన్న తేమని మర్చిపోయి 200లో 22 శాతం అని 44 గ్రాములు పోస్తే తేమ 32 శాతం దగ్గరకి పోతుంది. పది శాతం తేమ ముందే తాగేసిన మట్టి రింగులో ఎంతని ఉబ్బుతుంది? ఉబ్బు తక్కువొచ్చిన మట్టి మంచి మట్టి అయిపోతుంది, కాగితం మీద.

నీళ్ళు స్ప్రేతో చల్లి, చేత్తో నలిపి, రెండు కవర్లలో కట్టి కనీసం ఒక రోజు మాగనివ్వాలి. మాగకుండా రింగులో పెడితే ఉండ ఉండకీ తేమ వేరుగా ఉంటుంది. మాగాక మళ్ళీ తేమ చూడాలి. ఓవెన్ 105 నుంచి 110 డిగ్రీలు. అట్టర్‌బర్గ్ పరీక్షలకి (ఏ తేమ దగ్గర మట్టి మెత్తబడుతుందో చూసేవి) వేరే మట్టి ఉంచుకోవాలి, ఓవెన్‌లో పెట్టింది వాడకూడదు. ఓవెన్ వేడికి బంకరేణువులు అతుక్కుని లిక్విడ్ లిమిట్, అంటే మట్టి ద్రవంలా జారడం మొదలయ్యే తేమ, పడిపోతుంది.

రింగు వ్యాసం 60, ఎత్తు 20 మి.మీ., ఘనపరిమాణం 56.5 ఘ.సెం.మీ. పొడి సాంద్రత 1.5 కావాలంటే పొడి మట్టి 84.8 గ్రాములు, 22 శాతం తేమతో తడి మట్టి 103.5. ఇంత తూచి, రింగు లోపల పలచగా సిలికాన్ గ్రీజు రాసి, జాకీ కింద పెట్టి సరిగ్గా 20 మి.మీ. మందానికి నొక్కాలి. గ్రీజు ఎక్కువైతే అది మట్టి అంచుల్లోకి పోతుంది, తక్కువైతే గోడ రాపిడి ఉబ్బుని పట్టుకుంటుంది. తడి పోరస్ రాళ్ళ మధ్య శాంపిల్ పెట్టి, బోల్టులు బిగించే లోపల టీకి వెళ్ళిరావడం మామూలుగా జరిగేదే. రాయిలోని నీళ్ళతో మట్టి అప్పటికే ఉబ్బడం మొదలెట్టేస్తుంది, డయల్ సున్నా పెట్టేసరికి మొదటి భాగం లెక్కలోంచి పోయినట్టే. సెల్లు బిగించాలి, 5 కిలోపాస్కల్ సీటింగు లోడు (మొదట ఆనించే చిన్న బరువు) పెట్టాలి, డయల్ సున్నా చేయాలి, ఆ తర్వాతే నీళ్ళు. ఈ వరస తప్పకూడదు.

లోడు లెక్క: రింగు వైశాల్యం 28.27 చ.సెం.మీ., లివరు ఒకటికి పది, అంటే హ్యాంగరు మీది బరువుకి పదింతలు మట్టి మీద పడుతుంది. 50 కిలోపాస్కల్ కావాలంటే హ్యాంగరు మీద 1.44 కిలోలు. బరువు వేసేటప్పుడు లివరు కింది స్క్రూ ఆనించి, బరువు పెట్టాక మెల్లిగా వదలాలి. ఠక్కున వేస్తే ఆ దెబ్బకి మట్టి ఒక్కసారి దిగిపోతుంది. మట్టి ఉబ్బుతూంటే లివరు ఒకవైపు వాలుతుంది, మట్టం గాజు చూసి సరిచేయకపోతే ఒకటికి పది అన్నది ఒకటికి పదిగా ఉండదు. రింగులో మట్టి బదులు ఉక్కు బిళ్ళ పెట్టి అన్ని లోడ్లకీ ఒకసారి రీడింగులు తీసి ఉంచుకోవాలి. ఫ్రేము, రాళ్ళు, ఫిల్టరు పేపరు ఎంత అణుగుతాయో తెలిస్తేనే మిగిలింది మట్టిది.

ఇక అసలు తగువు: స్వెల్లింగ్ ప్రెషర్, అంటే ఉబ్బే మట్టి పైకి తోసే ఒత్తిడి, ఏ పద్ధతిలో కొలవాలి. పక్కపక్క రెండు ఫ్రేముల్లో అదే సాంద్రత, అదే తేమ ఉన్న అదే మట్టి ఉంది. మొదటిదాన్ని 5 కిలోపాస్కల్ కింద స్వేచ్ఛగా ఉబ్బనిచ్చి, ఉబ్బు ఆగాక లోడు పెంచుతూ మళ్ళీ మొదటి ఎత్తుకి దించే లోడుని స్వెల్లింగ్ ప్రెషర్ అంటాం. రెండోదాన్ని అసలు ఉబ్బనివ్వం, డయల్ ఒక్క గీత కదలగానే బరువు వేస్తాం. మొదటి పద్ధతిలో అంకె మామూలుగా పెద్దది వస్తుంది. ఉబ్బి రేణువుల అమరిక మారిపోయిన మట్టిని వెనక్కి నొక్కాలంటే అదనపు బలం కావాలి మరి. రెండో పద్ధతిని ప్రూవింగ్ రింగుతో (బలం కొలిచే ఉక్కు వలయం) చేసేవాళ్ళు ఇంకో సంగతి మరిచిపోతారు. ప్రూవింగ్ రింగు కూడా స్ప్రింగే. అది అణిగినంత మేర మట్టి ఉబ్బినట్టే, 20 మి.మీ.లో 0.1 మి.మీ. అంటే అరశాతం ఉబ్బు, గట్టి మట్టిలో ఆ కాస్తకే ఒత్తిడి చాలా పోతుంది.

మూడో దారి ఉంది, నా ఓటు దానికే. నాలుగైదు ఒకేలాంటి శాంపిళ్ళు తయారుచేసి, ఒక్కోదాని మీద ఒక్కో లోడు ముందే పెట్టి తర్వాత తడపాలి. ఉబ్బు సున్నా అయ్యే లోడు గ్రాఫులోంచి వస్తుంది. బయట జరిగేదీ అదే వరస: కట్టడం ముందొస్తుంది, నీళ్ళు తర్వాతొస్తాయి. శాంపిళ్ళు ఎక్కువ, ఫ్రేములు ఎక్కువ, ఒక్కోటి వారం పట్టొచ్చు. అందుకే థీసిస్‌లలో తప్ప పెద్దగా కనబడదు.

ఈ తగువు ల్యాబుతో ఆగదు. కాలువకి వేసే 100 మి.మీ. కాంక్రీటు లైనింగు కింది మట్టి మీద మోపే ఒత్తిడి 2.4 కిలోపాస్కల్. దాని కింద వంద దాటిన స్వెల్లింగ్ ప్రెషర్ ఉంటే లైనింగు లేస్తుంది, పగులుతుంది. ఐ.ఐ.టి. బొంబాయిలో ఆర్.కె. కట్టీ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన సి.ఎన్.ఎస్. పొర, అంటే ఉబ్బని బంకమట్టి పొర, ఈ బాధకే. దాని మందం ఎంతుండాలో ఐ.ఎస్. 9451 స్వెల్లింగ్ ప్రెషర్‌ని బట్టి చెబుతుంది. పద్ధతి మారితే అంకె మారుతుంది, అంకె మారితే పొర మందం మారుతుంది, కిలోమీటర్ల పొడవున తోలే మట్టి లారీలు మారతాయి. తేలికైన ఇళ్ళకైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సి.బి.ఆర్.ఐ.) ప్రచారంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు, ఉన్నాయి. అడుగున బల్బు వ్యాసం కాండానికి రెండున్నర రెట్లు ఉంటుంది, తేమ మారని లోతులో అది పట్టు ఇస్తుంది. కాకినాడలో శ్రీరామారావు, ఫణికుమార్ పనిచేసిన గ్రాన్యులర్ పైల్ యాంకర్ ఇంకో దారి. కంకర పైల్ అడుగున ఉక్కు ప్లేటు పెట్టి కడ్డీతో పునాదికి బిగిస్తారు, మట్టి పైకి తోస్తే పైల్ చుట్టూ ఉన్న రాపిడి వెనక్కి లాగుతుంది.

ట్రయాక్సియల్ (మట్టిని చుట్టూ నీటితో నొక్కి దాని బలం చూసే యంత్రం) వైపు పెద్ద విశేషం లేదు. 38 మి.మీ. వ్యాసం, 76 ఎత్తు శాంపిల్ ఇంకా నీళ్ళు తాగుతోంది. సెల్ ప్రెషర్, అంటే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి, 50 కిలోపాస్కల్ పెంచితే పోర్ ప్రెషర్, అంటే మట్టి లోపలి నీటి ఒత్తిడి, 44 పెరిగింది. ఈ రెండింటి నిష్పత్తి, స్కెంప్టన్ 1954లో చెప్పిన బి విలువ, 0.88 అన్నమాట. మట్టి నీళ్ళతో నిండిందనాలంటే 0.95 రావాలి. బ్యాక్ ప్రెషర్ (శాంపిల్ లోపలికి పంపే నీటి ఒత్తిడి) ఇంకో 50 పెంచి రాత్రంతా వదలాలి, మిగిలిన గాలి ఒత్తిడికి కరుగుతుంది. ఇప్పుడే షియర్ చేస్తే, అంటే నొక్కి విరగ్గొడితే, ఆ గాలి అణిగి పోర్ ప్రెషర్ తక్కువ చూపిస్తుంది, ఎఫెక్టివ్ స్ట్రెస్ (రేణువులు మోసే ఒత్తిడి) తప్పుతుంది, ఫ్రిక్షన్ యాంగిల్ (రేణువుల మధ్య రాపిడి కొలత) కూడా నమ్మదగింది కాదు. వాల్వులు మూసి ఉంచినా పోర్ ప్రెషర్ నెమ్మదిగా సెల్ ప్రెషర్ వైపు పాకుతుంటే మాత్రం గాలిని అనకూడదు, శాంపిల్‌కి తొడిగిన రబ్బరు మెంబ్రేన్‌కి సూదిబెజ్జం ఉన్నట్టే. కొత్తది తొడగాలి.

సాయంత్రం రాళ్ళు. హైదరాబాదు గ్రానైటు కోర్లు (డ్రిల్లుతో తీసిన గుండ్రటి ముక్కలు), 54 మి.మీ. వ్యాసం. ఎత్తు వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్లు. చివరలు 0.02 మి.మీ. లోపు చదునుగా ఉండాలి, కంటితో చూస్తే అన్నీ చదునే. సర్ఫేస్ ప్లేటు (చదునైన కొలత బల్ల) మీద డయల్ తిప్పితే బండారం బయటపడుతుంది. చివరలు సమాంతరంగా లేకపోతే బరువంతా ఒక మూల మీద పడి అక్కడే చెక్కులేస్తుంది, బలం తక్కువగా చూపిస్తుంది. గంధకమో ప్లాస్టరో పూసి సర్దుకోవడం కాంక్రీటుకి సరే, రాతికి ఒప్పుకోరు. 150 మెగాపాస్కల్ రాయి పగలాలంటే 343 కిలోన్యూటన్లు కావాలి, పగిలేటప్పుడు తుంపులు తూటాల్లా ఎగురుతాయి, ముందు గార్డు దించాలి. బ్రెజీలియన్ పరీక్షకి, అంటే అంచుల మీద నొక్కి చీల్చడానికి, కోసిన రాతి బిళ్ళల్లో పగులు మధ్యలోంచి మొదలవ్వాలి. ప్లేటు కింద అంచు నలిగి పగిలినవాటిని సగటులో కలపకూడదు, కలిపితే సగటు చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే దాంతో చిక్కు.

రేపటి షీటులో స్వెల్లింగ్ ప్రెషర్ గడికి ముందు నాలుగు గడులు: మొదటి తేమ, పొడి సాంద్రత, సీటింగు లోడు, పద్ధతి. అవి నిండకపోతే ఐదో గడి ఖాళీగానే వదలాలని షీటు పైన ఎర్రసిరాతో రాశాం.