నాన్నకు చక్రాల కానుక: స్కేట్లు, స్కూటర్ ఎంచుకునే ముందు

పిల్లవాడికి స్కేట్లు కొనే తండ్రి హెల్మెట్ మొదలుకొని మోకాలి ప్యాడ్ల వరకు అన్నీ వెతికి మరీ కొంటాడు. తన వంతు వచ్చేసరికి స్కేట్లు మాత్రం కొనుక్కుని, వట్టి చేతులతో పిల్లవాడి వెనక బయలుదేరతాడు. స్కేటింగ్ జరిగే చోట కాసేపు నిలబడి చూస్తే చాలు, ఇలాంటి తండ్రులు కనిపిస్తూనే ఉంటారు. అందుకే నాన్నకు ఈ రకం కానుక ఇవ్వాలనుకునేవారు ఎవరైనా నన్ను సలహా అడిగితే, చక్రాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆయన చేతులకు ఏం తొడుగుతున్నారో చెప్పండి అంటాను.

పడబోయే మనిషి తనకు తెలియకుండానే చేతులు ముందుకు చాస్తాడు. అరచేయి నేలను పట్టేసి అక్కడే ఆగిపోతుంది, ఒంటి బరువంతా వచ్చి మణికట్టు మీద పడుతుంది. మణికట్టుకు తొడిగే రిస్ట్ గార్డును చేతిలోకి తీసుకుని చూస్తే, అరచేతి వైపు కొద్దిగా వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి కనిపిస్తుంది. నేలకు ముందుగా తగిలేది ఆ పలకే. అది పట్టుకోకుండా జారుతుంది కాబట్టి దెబ్బ ఒక్క చోట నిలవకుండా చెదిరిపోతుంది, మణికట్టు వెనక్కి విరుచుకుపోకుండా కూడా అదే ఆపుతుంది. ఇన్‌లైన్ (ఒకే వరసలో చక్రాలుండే) స్కేటింగ్ గాయాల మీద 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, ఈ గార్డులు లేనివారికి మణికట్టు గాయం అయ్యే అవకాశం, ఉన్నవారితో పోలిస్తే దాదాపు 10 రెట్లు ఎక్కువని తేలింది. వయసు పైబడిన ఎముక విరిగితే అతకడానికి పట్టే కాలం కూడా ఎక్కువే కనుక, ఈ కానుకలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మా నాన్నగారు మొదట వీటిని చూసి, "నాకెందుకమ్మా ఇవన్నీ, నేనేమైనా పందేనికి పోతున్నానా?" అన్నారు. తాతయ్య వేసుకోకపోతే నేనూ వేసుకోనని మనవడు భీష్మించుకుని కూర్చున్నాక గాని తొడుక్కోలేదు. తండ్రులకు తమ క్షేమం గురించి చెబితే చెవికెక్కదు, పిల్లలకు ఆదర్శంగా ఉండాలంటే మాత్రం కాదనలేరు. ఇద్దరికీ ఒకే రంగు గార్డులు కొనండి, ఆ మాట చెప్పే పని కూడా తప్పుతుంది.

హెల్మెట్ కొనాలంటే కనుబొమల పైన కాస్త ఎత్తులో తల చుట్టుకొలతను టేపుతో సెంటీమీటర్లలో కొలుచుకోవాలి. లోపలి పట్టీ మీద ఈఎన్ 1078 అని ఉంటే, సైకిల్, స్కేట్‌బోర్డ్, రోలర్ స్కేట్లకు వర్తించే యూరప్ ప్రమాణానికి అది సరిపోయిందని అర్థం. ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్ చాలదా అని చాలామంది అడుగుతారు. సరైన ముద్ర ఉండి, తలకు కదలకుండా కూర్చుంటే చాలుతుంది. కాకపోతే ఒకసారి గట్టి దెబ్బ తిన్న ఫోమ్ హెల్మెట్‌ను, పైకి ఏ పగులూ కనిపించకపోయినా, పక్కన పెట్టేయాలి. ఇక్కడే మరొక మాట చెప్పాలి. నాన్నగారు రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, ఎముకలు గుల్లబారాయని వైద్యులు చెప్పి ఉన్నా, ఆ వైద్యుల్ని అడగకుండా చక్రాలున్న ఏ కానుకా కొనకండి. అటువంటివారి తలకు తగిలే చిన్న దెబ్బ కూడా లోపల రక్తస్రావానికి దారితీయవచ్చు.

ఇక స్కేట్ల సంగతి. రెండు వరసల్లో నాలుగు చక్రాలుండే క్వాడ్ స్కేట్లకు వంపుల్లో సులువుగా తిరిగే గుణాన్ని జేమ్స్ ప్లింప్టన్ 1863లో న్యూయార్క్‌లో తెచ్చాడు. ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లు జనంలోకి బాగా వెళ్లింది 1980ల తర్వాత. నాన్నగారు యవ్వనంలో క్వాడ్ల మీద తిరిగిన మనిషైతే వాటినే ఇవ్వండి, ఆ అలవాటు పాదాల్లో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. స్కేటింగ్ కోసం కట్టిన నున్నని రింకు మీద నేర్చుకోబోయేవారికి కూడా క్వాడ్లే నయం, పక్కలకు నిలకడ ఎక్కువ. బయటి దారుల మీద అయితే వాటి చిన్న చక్రాలు ప్రతి గులకరాయికీ తగిలి ఆగిపోతాయి కనుక, అక్కడికి 80 మిల్లీమీటర్ల చక్రాలున్న ఇన్‌లైన్ స్కేట్లు ఎంచుకుంటాను. 110 మిల్లీమీటర్ల చక్రాలు వేగంగా వెళ్తాయని దుకాణంలో ఊరిస్తారు. వాటితో మనిషి నేలకు మరింత ఎత్తున నిలబడవలసి వస్తుంది, కొత్తవారికి అది చేటు. మడమ దగ్గర రబ్బరు బ్రేకు ఉన్న జతనే తీసుకుని, ఆపడం పూర్తిగా వచ్చేదాకా ఆ బ్రేకును ఊడదీయనివ్వకండి. చక్రాల మీద 78ఏ, 85ఏ అని ఉండే అంకె గట్టిదనాన్ని చెబుతుంది. అంకె తగ్గే కొద్దీ చక్రం మెత్తనై, గరుకు నేల మీద కాలికి తెలిసే అదురు తగ్గుతుంది. స్కేట్‌బోర్డ్ జోలికి మాత్రం, ఆయనకు ముందునుంచీ అలవాటు ఉంటే తప్ప, వెళ్లవద్దనే నా సలహా.

ఈ కానుకను దాచిపెట్టి ఒక్కసారిగా చూపించాలనే ముచ్చట మానుకోవాలి, ఎందుకంటే బూటు సైజు తెలిసినంత మాత్రాన స్కేటు సైజు తెలియదు. పాదాలు కొద్దిగా ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, ఆయన్ను మడమ గోడకు ఆనించి నిలబెట్టి, గోడనుంచి పొడవాటి వేలి కొస దాకా మిల్లీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. తొడిగి చూసినప్పుడు, నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లకు కాస్త చోటు దొరకాలి. ముందుకు వంగినప్పుడు మడమ లోపల పైకి లేస్తూ ఉంటే, ఎంత మెత్తగా హాయిగా అనిపించినా అది పెద్ద సైజే.

స్కేట్లంటే జంకే నాన్నలకు, ఒక కాలితో నేలను తోస్తూ నడిపే కిక్ స్కూటర్ చక్కగా సరిపోతుంది. భయం వేసిన మరుక్షణం కాలు కింద పెట్టి దిగిపోవచ్చు. ఇప్పుడు మనం చూస్తున్న మడిచే స్కూటర్‌కు 1990లలో రూపమిచ్చిన స్విట్జర్లాండ్ వాసి విమ్ ఔబోటర్ కూడా పిల్లల ఆట కోసం ఆలోచించలేదు. నడవడానికి దూరం, కారు తీయడానికి దగ్గర అనిపించే చోట్లకు పెద్దలు వెళ్లి రావడానికే ఆలోచించాడు. పెద్దలకు 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల చక్రాలుండాలి, చిన్న చక్రమైతే దారిలోని చీలికలో ఇరుక్కుని మనిషిని ముందుకు విసిరేస్తుంది. పాదం పెట్టే పలక నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే ప్రతి తోపుకూ వంగేది పలక మీద నిలిచిన మోకాలే. అలసట ఒక్క కాలి మీదే పడకుండా కాళ్లు మార్చుకుంటూ తోయడం మొదటి రోజునుంచే అలవాటు చేయించాలి. హ్యాండిల్ ఆయన నడుము ఎత్తుకు పైకి లేస్తుందో లేదో, స్కూటర్ మోయగల బరువు ఆయన బరువుతో పాటు భుజం సంచి బరువుకూ సరిపోతుందో లేదో చూసుకోవాలి. వెనక చక్రం మీద మడమతో తొక్కే బ్రేకుతో పాటు చేతి బ్రేకు కూడా ఉంటే పల్లపు దారుల్లో ధీమాగా ఉంటుంది. కరెంటు స్కూటర్ విషయంలో ఏ దారుల మీద అనుమతి ఉందో ముందే తెలుసుకోండి, ఛార్జింగ్‌కు దానితో వచ్చిన ఛార్జర్‌నే వాడమనండి.

ఇదివరకే స్కేటింగ్ చేస్తున్న నాన్నకైతే కొత్త జత కన్నా, చక్రాలు తేలిగ్గా తిరగడానికి వాటి మధ్యలో ఉండే బేరింగులు మంచి కానుక. ఎక్కువ స్కేట్లలో, స్కేట్‌బోర్డుల్లో ఉండేది 608 రకమే: లోపలి రంధ్రం 8, బయటి కొలత 22, మందం 7 మిల్లీమీటర్లు. డబ్బా మీద ఏబీఈసీ 5, 7, 9 అని పెద్దగా వేసే అంకె తయారీ కొలతల కచ్చితత్వాన్ని మాత్రమే చెబుతుంది, మన్నికను కాదు. దుమ్ము చేరిన 9 కన్నా తుడిచి నూనె వేసిన 5 మేలుగా తిరుగుతుంది కాబట్టి, బేరింగులు ఊడదీసే పనిముట్టునూ, వాటికి వేసే నూనె సీసానూ అదే పెట్టెలో పెట్టండి. ఏది కొన్నా రసీదు భద్రంగా ఉంచి, చక్రాలు వీధి నేల తాకక ముందే ఇంట్లో తివాచీ మీద ఆయన్ను అరగంట నిలబడనివ్వండి. ఎక్కడ నొక్కుతుందో ఆ అరగంటలోనే తెలుస్తుంది, సైజు మార్చుకునే గడువూ ఇంకా మిగిలే ఉంటుంది.