టేబుల్ నడిబొడ్డు ఎక్కడ?

జర్మనీలో పనిలో చేరిన మొదటి వారం. పొద్దున్న ఆరింటి షిఫ్టు. కిటికీ అవతల నెక్కర్ లోయ మీద పొగమంచు ఇంకా వీడలేదు. షాపులో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని, బాలానగర్‌లో ఉన్నప్పుడు నేను తయారుచేసుకున్న ఎక్సెల్ షీటు తెరిచి, ఒక గడిలో 12.5 అని కొట్టాను. ఎంటర్ నొక్కగానే ఆ అంకె మాయమై ‘12. మాయ్’ అని కనిపించింది. మే నెల పన్నెండో తేదీ! పన్నెండున్నర మిల్లీమీటర్లు కాస్తా తేదీ అయిపోయాయి. పక్క గడిలో 125.350 కొడితే లక్షా పాతిక వేల మూడు వందల యాభై అయి కూర్చుంది. ఇక్కడ దశాంశానికి కామా పెడతారు, వేలు విడదీయడానికి చుక్క పెడతారు. భాష గురించి బెంగపడుతూనే విమానం ఎక్కాను. అంకెలు కూడా మళ్ళీ దిద్దుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

నేను చదివింది బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో. 1968లో మొదలైన సంస్థ అది. హైదరాబాద్ చుట్టుపక్కల టూల్‌రూముల్లో చేయి తిరిగిన పనివాళ్ళు చాలామంది ఆ గేటులోంచి వచ్చినవాళ్ళే. డిప్లొమా అయ్యాక అక్కడికి కూతవేటు దూరంలోనే ఒక షాపులో సెట్టర్‌గా, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముతో లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్లను పనికి సిద్ధం చేసేవాడిగా, చేరాను. మూడు అక్షాల వర్టికల్ మెషీన్లు. జాబ్‌ను, అంటే కోయవలసిన ముక్కను, వైస్‌లో బిగించి, ఎడ్జ్ ఫైండర్‌తో అంచు తాకించి, దాని వ్యాసం పది మిల్లీమీటర్లు కాబట్టి అందులో సగం అయిదు కలిపి, మెషీన్‌లో జి54 అనే వర్క్ ఆఫ్‌సెట్‌లో కొట్టడం. ఈ పని నిద్రలో లేపినా చేసేవాణ్ణి.

ఈ రంగం తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో పొలం కొలవడానికి వచ్చిన సర్వేయరు ముందు హద్దురాయి కోసం వెతుకుతాడు. రాయి దొరికాకే గొలుసు పరుస్తాడు. వర్క్ ఆఫ్‌సెట్ కూడా అలాంటి హద్దురాయే. ప్రోగ్రాములో ‘ఎక్స్ 50’ అని ఉంటే, ఎక్కడినుంచి యాభై? యంత్రానికి తన సొంత సున్నా ఒకటి ఉంటుంది. డ్రాయింగులో జాబ్‌కు ఇచ్చిన సున్నా వేరు. మొదటి సున్నానుంచి రెండోది ఎంత దూరంలో ఉందో కంట్రోల్‌కు, అంటే మెషీన్‌ను నడిపే కంప్యూటర్‌కు, చెప్పే అంకెలే ఆఫ్‌సెట్. జి54 నుంచి జి59 వరకు ఆరు మామూలుగా ఉంటాయి, చాలకపోతే అదనపువి తీసుకోవచ్చు. రాయి ఒక చోట, గొలుసు మరో చోట మొదలైతే కొలత ఎంత శ్రద్ధగా చేసినా పొలం పక్కవాడి గట్టులోకి పోతుంది.

ఇక్కడ నాకు అప్పగించినది హారిజాంటల్ మెషీన్. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ అడ్డంగా ఉంటుంది, టేబుల్ గుండ్రంగా తిరుగుతుంది. టేబుల్ మీద పోత ఇనుప స్తంభం ఒకటి, దాని నాలుగు ముఖాలకూ జాబులు బిగిస్తారు. టేబుల్ తిరిగే బి అక్షం 90 డిగ్రీలు తిరిగితే రెండో ముఖం, 180 తిరిగితే మూడోది. తిరిగిన ప్రతిసారీ సున్నా చోటు మారిపోతుంది. రంగులరాట్నంలో నడిమి గుంజ కదలదు, గుర్రమెక్కిన పిల్లవాడే ఎదురుగా ఉన్నవాడు కాస్తా పక్కకు వెళ్ళిపోతాడు. గుంజ ఎక్కడుందో, పిల్లవాడు గుంజకు ఎంత దూరంలో ఉన్నాడో తెలిస్తే, రాట్నం ఎంత తిరిగినా అతడెక్కడ ఉంటాడో కాగితం మీదే చెప్పవచ్చు. మొదటి ముఖం సున్నా టేబుల్ తిరిగే కేంద్రానికి ఎక్స్‌లో 120, జెడ్‌లో 80 దూరంలో ఉందనుకోండి. 90 డిగ్రీలు తిరిగాక ఎక్స్‌లో 80, జెడ్‌లో మైనస్ 120 అవుతుంది. గుర్తులు మెషీన్‌ను బట్టి తారుమారు కావచ్చు. మధ్యలోని కోణాలకు సైన్, కొసైన్ వాడాలి. మనం పదో తరగతిలో చదివిన త్రికోణమితే.

మా షిఫ్టులోని పెద్దాయన ఈ లెక్క చేసేవారు కాదు. నాలుగు ముఖాలనూ విడివిడిగా డయల్ పెట్టి కొలిచేవారు. ఒక స్తంభం కొత్తగా ఎక్కితే పూట గడిచిపోయేది. షాపులో మిగతా అందరూ ఒకరినొకరు ‘నువ్వు’ అని పిలుచుకునేవారు, ఆయన మాత్రం నన్ను ‘మీరు’ అనేవారు. అది మర్యాదో, ఇతన్ని ఇంకా మనవాణ్ణి అనుకోలేదన్న సంకేతమో నాకు అర్థమయ్యేది కాదు. మాట్లాడేది కూడా స్వాబియా యాస. నేను బి1 పరీక్షకు చదివిన జర్మన్‌లో పనిచేయడానికి ‘ఆర్బైటెన్’ అంటారు, ఆయన నోట అది ‘షాఫె’. తరగతిలో నేర్చుకున్న మాటలు షాపు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. అందుకే ఆ షీటు నాకు అంత ముఖ్యమైపోయింది. నేను నోటితో చెప్పలేనిది అది చెప్పగలదని ఆశ.

పది రోజులు సాయంత్రాలు దాని మీదే కూర్చున్నాను. జర్మన్ ఎక్సెల్‌లో సూత్రాల పేర్లు కూడా జర్మన్‌లోనే ఉంటాయి. డిగ్రీలను రేడియన్లుగా మార్చే దానికి ‘బోగెన్‌మాస్’, ‘అయితే’ అన్న షరతుకు ‘వెన్’, ఒక అక్షరం తీసి మరొకటి పెట్టడానికి ‘వెక్సెల్న్’. కేంద్రం, మొదటి ముఖం కొలతలు ఇస్తే మిగిలిన మూడు ముఖాల ఆఫ్‌సెట్లు తనే లెక్కగట్టి, ‘జి90 జి10 ఎల్2 పి2 ఎక్స్... వై... జెడ్...’ అని వరస రాసి ఇచ్చేలా చేశాను. జి10 ఎల్2 అంటే ఆఫ్‌సెట్ పట్టికలో ప్రోగ్రామే నేరుగా రాసేయడం. పి1 అంటే జి54, పి2 అంటే జి55. చేతితో అంకెలు కొట్టడంలో జరిగే పొరపాట్లు పోతాయి. ముందు జి90 తప్పనిసరిగా ఉండాలి. జి91 మోడ్‌లో ఉంటే కొత్త అంకె పాతదాని స్థానంలోకి రాదు, పాతదానికి కూడుతుంది. ఇది తెలియక మెషీన్లు గుద్దించిన కథలు బాలానగర్‌లో విన్నాను కాబట్టి అక్కడ జాగ్రత్తపడ్డాను. కామాలను ‘వెక్సెల్న్’తో చుక్కలుగా మార్చాను. అంతా సరిపోయిందనుకున్నాను.

మొదటిసారి నడిపేటప్పుడు పెద్దాయన నా పక్కన నిలబడ్డారు. ప్రోగ్రాము ఒక్కో వరసే నడిచే సింగిల్ బ్లాక్‌లో, ర్యాపిడ్ వేగం అతి తక్కువలో. ఆయన ఎడమ చేతి బొటనవేలు కదలికను ఆపే ఫీడ్‌హోల్డ్ బటన్ మీద. మూడు ముఖాలు బాగానే వచ్చాయి. నాలుగోదానికి టేబుల్ తిరిగింది, ఎక్స్ కదలడం మొదలైంది. బటన్ నొక్కిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన చూపుడు వేలు తెర మీద ‘ఇంకా వెళ్ళవలసిన దూరం’ దగ్గర ఉంది. ముప్పై రెండు మిల్లీమీటర్ల చిల్లర ఉండవలసిన చోట నాలుగు వందల పన్నెండు. ఆఫ్‌సెట్ పేజీ తెరిచారు. మైనస్ 380 ఉండాలి, మైనస్ 0.380 ఉంది. కాసేపు చూసి నా ఫైలు తెప్పించుకుని, ఆ వరస మీద గోరు పెట్టారు.

‘పుంక్ట్ ఫేల్ట్,’ అన్నారు.

చుక్క లేదు. మిగతా ముఖాలకు దశాంశాలు పడ్డాయి, ఈ ముఖానికి లెక్క సరిగ్గా 380 వచ్చింది. నిండు సంఖ్య కాబట్టి ఎక్సెల్ చుక్క పెట్టలేదు. చుక్క లేని 380ని ఆ కంట్రోల్ 380 మైక్రాన్లుగా, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులుగా, చదివింది. జర్మన్‌లో ‘పుంక్ట్’ అంటే చుక్క కూడా, బిందువు కూడా. మన వర్క్ జీరోను వాళ్ళు ‘నుల్‌పుంక్ట్’ అంటారు, సున్నా బిందువు అని. చుక్క పోతే బిందువు పోయినట్టే. ఆ రోజు ఆయన వేలు అక్కడ లేకపోతే కట్టర్ స్తంభం పక్కగా వెళ్ళి క్లాంపును కొట్టేది. ఆయన కేకలు వేయలేదు, మేనేజరుకు చెప్పలేదు. షీటులో ప్రతి అంకెకూ మూడు దశాంశాలు తప్పక పడేలా సరిచేసి, మర్నాడు మళ్ళీ నడిపాం.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒక గేర్‌బాక్స్ కవచానికి బేరింగు రంధ్రం, రెండు వైపులనుంచీ బోర్ చేయాలి. సున్నా దగ్గర సగం, 180 దగ్గర సగం. రెండూ మధ్యలో కలవాలి. జాబ్ తీసి రంధ్రంలో వేలు పెట్టి చూస్తే, సగం లోతులో గోరుకు ఒక మెట్టు తగిలింది. వెంట్రుకలో మూడో వంతు ఉంటుందేమో. కొలిస్తే రెండు రంధ్రాల అక్షాలు 0.024 తేడాలో ఉన్నాయి. సూత్రాలు నాలుగుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. చుక్క సంగతి ఒకసారి పోనిచ్చారు, రెండోసారి ఎవరు పోనిస్తారు?

మర్నాడు విరామంలో పెద్దాయన తన నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. నూనె మరకలు పట్టిన గళ్ళ పుస్తకం. ప్రతి పేజీలో జాబ్‌ను బిగించే ఒక ఫిక్స్చర్, తేదీ, నాలుగు ముఖాలకూ కొలిచిన ఆఫ్‌సెట్లు, పైన మూలలో షాపు ఉష్ణోగ్రత. అన్నీ పెన్సిల్‌తో, కామాలతో. ఇదే కవచం పేజీలు రెండు దొరికాయి. ఒకదానిలో సున్నా దగ్గర ఎక్స్ మైనస్ 412.386, 180 దగ్గర మైనస్ 387.590. రెండోదానిలో మైనస్ 412.374, మైనస్ 387.626. అప్పుడు తట్టింది. ఒకే అక్షాన్ని సున్నా దగ్గరా 180 దగ్గరా కొలిస్తే, ఆ రెండింటి మొత్తంలో సగం ఏమిటి? టేబుల్ కేంద్రమే! మొదటి పేజీ మొత్తం 799.976, సగం 399.988. రెండో పేజీ మొత్తం 800.000, సగం 400.000. ఆ రెండు తేదీల మధ్య టేబుల్ కేంద్రం 12 మైక్రాన్లు జరిగింది.

నా షీటులో ఉన్న కేంద్రం 399.988. మెషీన్ తలుపుకు లోపల అంటించిన కాగితం చూసి ఎక్కించుకున్నాను. కేంద్రంలో తప్పు ఎంతో, 180 దగ్గర ఎక్స్‌లో తప్పు దానికి సరిగ్గా రెట్టింపు. పన్నెండు రెట్టింపైతే ఇరవై నాలుగు. రంధ్రంలో నా గోరుకు తగిలిన మెట్టు అదే. రెండు తేదీలూ వేలితో చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ మధ్యలోనే టేబుల్ బేరింగు మార్చారని చెప్పారు. తలుపు మీది కాగితం ఎవరూ మార్చలేదు. ప్రతి ముఖాన్నీ కొలుచుకునే ఆయనకు కేంద్రం అంకెతో పనే పడలేదు. ఆ అంకె మీద పూర్తిగా ఆధారపడింది నేనొక్కణ్ణే.

ఆ తర్వాత చెప్పిన మాటలో ఆయన నన్ను ‘నువ్వు’ అన్నారు. ‘నువ్వు సోమవారం తొందరగా రా, కేంద్రం కొలుద్దాం,’ అని.

ఇప్పుడు టేబుల్ మీది ప్యాలెట్ పలక మూలలో గ్రైండ్ చేసిన పిన్ను ఒకటి శాశ్వతంగా బిగించి ఉంది. సోమవారం పొద్దున్న స్పిండిల్, టేబుల్ అరగంట తిప్పి వేడెక్కనిచ్చాక, తాకి చోటు కొలిచే ప్రోబ్‌తో ఆ పిన్నును సున్నా దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి తాకిస్తాం. మొత్తంలో సగం. ఆ అరగంట వదిలేస్తే అంకె వేరుగా వస్తుంది. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే పదకొండు, పన్నెండు మైక్రాన్లు సాగుతుంది, అల్యూమినియమైతే దానికి ఇంచుమించు రెట్టింపు. కొలతలన్నిటికీ ఆధారం 20 డిగ్రీలు. ఆదివారం చల్లారిన షాపు సోమవారం ఆ డిగ్రీలకు చేరడానికి సమయం పడుతుంది. పెద్దాయన పేజీ మూలలో ఉష్ణోగ్రత ఎందుకు రాసేవారో అప్పటికి గానీ నాకు పూర్తిగా బోధపడలేదు.

ఇవాళ కంట్రోళ్ళే ఈ లెక్కలు చేస్తాయి. ఫానుక్‌లో జి54.2, హాస్‌లో జి254, సీమెన్స్‌లో సైకిల్800. టేబుల్ తిరిగితే సున్నాను తామే వెంట తీసుకుపోతాయి. అయిదు అక్షాల మెషీన్లలో వాటిని కాదని చేతిలెక్క వేయమని ఎవరికీ చెప్పను. అయితే వాటన్నిటి కడుపులోనూ భ్రమణ కేంద్రం అన్న అంకె ఒకటి దాచి ఉంటుంది. అది ఎప్పుడు కొలిచిందో, ఆ తర్వాత బేరింగు మారిందో లేదో వాటికి తెలియదు. నా షీటులో అందుకే కేంద్రం గడి పక్కన తేదీ గడి పెట్టాను. తేదీ వారం దాటితే గడి ఎర్రబడుతుంది. ఆఫ్‌సెట్లతో పాటు స్తంభాన్ని పైనుంచి చూసినట్టు బొమ్మ కూడా అచ్చవుతుంది, ఏ అంకె ఎక్కడినుంచి ఎక్కడికో బాణాలతో. అది పెద్దాయన అడిగి వేయించుకున్నది. వచ్చిన అంకె సరిపోదు, వచ్చిన దారి కనిపించాలని ఆయన పట్టు. ఆయన మాటే సరైనదని నేనిప్పుడు కొత్తవాళ్ళ దగ్గర పట్టుబడుతున్నాను.

మొన్న బాలానగర్‌నుంచి మా పాత షాపు కుర్రవాడు ఫోను చేశాడు. వాళ్ళు పాత హారిజాంటల్ మెషీన్ ఒకటి కొన్నారట.

‘అన్నా, నాలుగు ముఖాలూ కొలవలేక చస్తున్నాం. మీ షీటు ఒకసారి పంపండి,’ అన్నాడు.

‘పంపుతాను గానీ, మీ టేబుల్ సెంటర్ ఎంత?’

‘మెషీన్‌తో పాటు కాగితం ఇచ్చారన్నా. అందులో ఉంది.’

‘ఆ కాగితం పక్కన పెట్టు. ఒక పిన్ను బిగించి, అరగంట మెషీన్ తిప్పి, సున్నా దగ్గరా నూట ఎనభై దగ్గరా తాకించి చూడు.’

కేంద్రం గడి ఖాళీ చేసి షీటు పంపాను. చుక్కలు కామాలుగా మారకుండా చూసుకున్నాను. రెండు రోజులకు ఫొటో వచ్చింది. స్టీలు స్కేలు మీద పెట్టిన చిత్తుకాగితం, దాని మీద రెండు అంకెలు, కింద మొత్తం, దానికింద సగం. మూలలో బాల్‌పెన్‌తో రాశాడు: 34 డిగ్రీలు.