కోబాల్ట్ సాలెన్: గోధుమ రంగు ఇటుక ఎరుపయ్యే దాకా

ఆక్సిజన్‌ను పట్టుకుని మళ్లీ వదలగల కోబాల్ట్ సమ్మేళనం కోబాల్ట్ సాలెన్. దాన్ని చేసేటప్పుడు నా ధ్యాసంతా నత్రజని మీదే ఉంటుంది. తూకం కాస్త అటూఇటూ అయితే దిగుబడి తగ్గుతుందంతే. గాలి చొరబడితే అసలు సరుకే పాడవుతుంది.

లిగాండ్, అంటే కోబాల్ట్‌ను పట్టుకునే సేంద్రియ అణువు, చేయడం తేలిక. మరుగుతున్న 30 మి.లీ. ఇథనాల్‌లో 2.44 గ్రాముల (సుమారు 2.1 మి.లీ.) సాలిసిలాల్డిహైడ్ పోసి, 0.60 గ్రాముల ఇథిలీన్ డైఅమీన్ కలుపుతాను. ఐసులో చల్లారిస్తే తళతళలాడే పసుపు రేకులు దిగుతాయి. అవి 125–128 డిగ్రీల సెల్సియస్ మధ్య కరగాలి. అంతకన్నా ముందే కరిగితే సీసాలను అనుమానించండి. పాత ఆల్డిహైడ్ గాలికి సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. డైఅమీన్ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మూత చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది.

ఇక అసలు పని. మూడు మూతుల ఫ్లాస్కులో 1.34 గ్రాముల లిగాండ్, 75 మి.లీ. ఇథనాల్ తీసుకుని పావుగంట నత్రజని పంపుతాను. 1.25 గ్రాముల కోబాల్ట్ అసిటేట్ టెట్రాహైడ్రేట్‌ను 8 మి.లీ. గోరువెచ్చని నీటిలో కరిగించి, అందులోనూ నత్రజని పంపాకే చుక్కలుగా వదులుతాను. నీటి తొట్టి 70–80 డిగ్రీల దగ్గర ఉండాలి. నత్రజని బుడగలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా రావాలి. జోరుగా వదిలితే ఇథనాల్ ఎగిరిపోయి ముద్ద అడుగంటుతుంది.

ముందు జిగురుగా గోధుమ రంగు అవక్షేపం పడుతుంది. స్టిరర్ ఆగిపోయేది ఇక్కడే, అందుకే పెద్ద మాగ్నెట్ వాడతాను. చాలామంది పని అయిపోయిందనుకుని ఇక్కడే వడగట్టేస్తారు. అది తప్పు. ఈ గోధుమ రూపంలో అణువుల మధ్య ఖాళీలుంటాయి కనుక ఘనస్థితిలోనే ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. సుమారు గంట వేడి చేస్తే ఒక అణువులోని కోబాల్ట్ పక్క అణువులోని ఆక్సిజన్‌తో జతకట్టి, ఇటుక ఎరుపు రంగు రూపం వస్తుంది. దీన్ని ఆరబెట్టాక గాలిలో తూచినా భయం లేదు. చల్లార్చి వడగట్టి, మూడుసార్లు 5 మి.లీ. చొప్పున నీటితో, చివర కాస్త ఇథనాల్‌తో కడిగి, వాక్యూమ్‌లో ఆరబెడతాను. సిద్ధాంత ప్రకారం 1.62 గ్రాములు రావాలి.

ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) వర్ణపటంలో లిగాండ్‌కు 1635 సెం.మీ.⁻¹ దగ్గరుండే ఇమీన్ (C=N) బంధపు పట్టీ కాంప్లెక్స్‌లో (లిగాండ్ కోబాల్ట్‌తో కలిసిన రూపంలో) కిందికి జరుగుతుంది. జరగకుండా పాత చోటే బలంగా కనిపిస్తే కడగని లిగాండ్ మిగిలిందేమో చూడాలి.

ఈ పదార్థం అసలు గుణం డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకంలో, అంటే డీఎంఎస్‌ఓలో బయటపడుతుంది. ఆక్సిజన్ నింపిన గొట్టంలో 0.100 గ్రాముల పొడిని 10 మి.లీ. డీఎంఎస్‌ఓతో కలిపి ఊపితే, రెండు కోబాల్ట్‌లకు ఒక ఆక్సిజన్ అణువు చొప్పున పీల్చుకుంటుంది. 27 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో సుమారు 3.8 మి.లీ. పొడి మెత్తగా నూరకపోయినా, రబ్బరు గొట్టం లీకైనా ఈ అంకె కుదరదు. డీఎంఎస్‌ఓ తనలో కరిగినవాటిని చర్మం లోపలికి తీసుకుపోతుంది కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

మిగిలిన ముదురు ఘనాన్ని వడగట్టి, ఫ్యూమ్ హుడ్‌లో కొన్ని చుక్కల క్లోరోఫాం వేయండి. ఊపకుండా చూస్తే గింజల అంచుల నుంచి సన్నని బుడగలు లేస్తాయి. పట్టుకున్న ఆక్సిజన్‌ను అది తిరిగి వదిలేస్తోందన్నమాట.