కాలిఫోర్నియాలో తెలుగు కోర్టు ఇంటర్‌ప్రెటర్ అవ్వడం: నా అనుభవం

కోర్టులో ఇంగ్లీషు రానివాళ్ళ మాటల్ని, వాళ్ళకి చెప్పే మాటల్ని నోటితో అనువదించేవాళ్ళే ఇంటర్‌ప్రెటర్లు. "మీకు రెండు భాషలూ వచ్చు కదా, ఇంకేం కావాలి?" అని అందరూ అంటారు. నేనూ అదే అనుకుని దిగాను కాబట్టి వాళ్ళనేం అనను.

ఇక్కడి కోర్టుల లెక్కలో భాషలు రెండు రకాలు. స్పానిష్, మాండరిన్, వియత్నమీస్, పంజాబీ లాంటివి సర్టిఫైడ్ భాషలు, వాటికి నిజంగా ఇంటర్‌ప్రెటింగ్ చేయించి చూసే నోటి పరీక్ష ఉంటుంది. తెలుగు ఆ జాబితాలో లేదు, మనం రిజిస్టర్డ్ కిందకి వస్తాం. అంటే ముందు ఇంగ్లీషులో ఒక రాతపరీక్ష (135 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, 80 శాతం వస్తేనే పాస్), ఆ తర్వాత ఇంగ్లీషులోనూ తెలుగులోనూ విడివిడిగా మాట్లాడించే పరీక్షలు. రాతపరీక్షకి కోర్టు పదజాలం, వృత్తి నియమాలు కూర్చుని చదివితే సరిపోతుంది. తెలుగు పరీక్షే నన్ను ఇబ్బంది పెట్టింది: ఊరూ పేరూ దగ్గర మొదలుపెట్టి మెల్లగా మన అభిప్రాయాలు, "అలా జరిగితే ఏం చేస్తారు" లాంటి ప్రశ్నల దాకా లాక్కెళ్తారు, ఏళ్ళ తరబడి సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడినవాళ్ళకి అక్కడ నాలుక మడత పడుతుంది.

అన్నీ పాసయ్యాను. తమాషా ఏంటంటే, ఒక్క వాక్యాన్నైనా ఈ భాషలోంచి ఆ భాషలోకి తేగలనా లేదా అని ఎవరూ చూడనే లేదు! ఆ లోటు మనమే పూడ్చుకోవాలి.

కోర్టులో ఇంటర్‌ప్రెటింగ్ మూడు రకాలుగా ఉంటుంది. సాక్షి చెప్పి ఆగాక మనం చెప్పేది కన్సెక్యుటివ్, కాగితం చూస్తూ రెండో భాషలో పైకి చదివేది సైట్ ట్రాన్స్‌లేషన్. మొదటిది నోట్స్ రాసుకునే అలవాటుతో లొంగుతుంది, రెండోది ప్రాక్టీసుతో. సాక్షి చెప్పే తేదీలు, ఇంటి నంబర్లు, కారు వేగం ఇవన్నీ రాసుకోవాల్సిందే, గుర్తుంటాయిలే అనుకోవద్దు. అసలు కష్టం సైమల్టేనియస్, అంటే జడ్జి, లాయర్లు మాట్లాడుతుండగానే పక్కనున్న మనిషికి గుసగుసగా చెబుతూ పోవడం. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, మనకేమో చివర్లో, దాన్ని మనసులో పట్టుకుని కూర్చునేలోపు అవతల ఇంకో రెండు వాక్యాలు వెళ్ళిపోతాయి. పొడుగు వాక్యాన్ని ముక్కలు చేసి చిన్న చిన్న తెలుగు వాక్యాలుగా చెప్పడం అలవాటయ్యాకే ఊపిరాడింది. రేడియో వార్తలు పెట్టుకుని యాంకర్ వెనకే వల్లిస్తూ, అలా వల్లిస్తూనే కాగితం మీద అంకెలు వెనక్కి రాస్తూ ప్రాక్టీసు చేశాను. ఇంట్లో నాకు పిచ్చెక్కిందనే అనుకున్నారు.

ఇక పాటించాల్సిన నియమాలు. ముఖ్యమైనవి కాలిఫోర్నియా కోర్టుల నియమావళిలో రూల్ 2.890లో ఉంటాయి. సాక్షి "నేను చూడలేదు" అంటే మనమూ "నేను" అనే చెప్పాలి, "ఆయన చూడలేదంటున్నారండీ" అనకూడదు. పొంతన లేని జవాబైతే పొంతన లేకుండానే, తిట్టైతే తిట్టులాగానే. మనకి అర్థం కాకపోతే "ఇంటర్‌ప్రెటర్ స్పష్టత కోరుతున్నారు" అని మన గురించి మనమే మూడో మనిషిలా చెప్పుకోవాలి, మొదట్లో నవ్వొచ్చేది. మాది గుంటూరు వైపు, అవతల మాట్లాడేది కరీంనగర్ పెద్దాయనో కడప పెద్దావిడో కావచ్చు, అందుకే విచారణ మొదలయ్యేముందు అనుమతి అడిగి నాలుగు మాటలు మాట్లాడి చూసుకుంటాను.

అప్పుడే కొందరు "నువ్వు మన తెలుగమ్మాయివే కదా, ఏం చెప్పమంటావమ్మా?" అని అడుగుతారు. మీ లాయర్‌ని అడగండి అనడం తప్ప ఏమీ చెప్పకూడదు. కఠినంగా ఉంటుంది, కానీ నాకు సబబుగానే తోస్తుంది, ఎదుటి పక్షం కూడా నా మాటనే నమ్ముకుని కూర్చుంటుంది కదా.

రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవడానికి రెండేళ్ళకోసారి 30 గంటల చదువు, 40 అసైన్‌మెంట్లు చూపించాలి. చదువు ఫరవాలేదు, తెలుగు కేసులు రోజూ రావు గనక నాకు ఆ 40 దగ్గరే టెన్షన్. ఫీజు కట్టేముందు ఒకసారి మీ కౌంటీ కోర్టుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి, చాలా విచారణలు ఎవరైనా చూడొచ్చు. స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ కనిపిస్తే ఎక్కడ నిలబడుతున్నారో, లాయర్ ఎంత వేగంగా మాట్లాడుతున్నారో గమనించండి, ఆ వేగం చూశాక కూడా చేయాలనిపిస్తే అప్పుడు ఫారం నింపండి.