మాన్యుమెంటల్ చర్చి ముందు కాసేపు

నిన్న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రిచ్‌మండ్‌లోని మాన్యుమెంటల్ చర్చి ముందు చాలాసేపు నిలబడిపోయాను. 1811 డిసెంబరు 26 రాత్రి సరిగ్గా ఇక్కడే ఒక నాటకశాల కాలిపోయి, వర్జీనియా గవర్నరు జార్జ్ విలియం స్మిత్‌తో సహా 72 మంది మరణించారు. వెలుగుతున్న దీపాల గుత్తిని ఆర్పకుండానే పైకి లాగడంతో మంట రంగులద్దిన తెరలకు అంటుకుని, క్షణాల్లో పైకప్పుకు పాకింది. విచిత్రమేమిటంటే, ఖరీదైన బాక్సుల్లో, అంటే పైన గదుల్లా వేరుచేసిన సీట్లలో కూర్చున్నవారు ఇరుకు మెట్ల దగ్గర చిక్కుకుపోగా, కింది చవక సీట్లవారిలో చాలామంది బయటపడ్డారు.

మృతుల అవశేషాలు ఈ చర్చి అడుగునే ఉన్నాయి. రాబర్ట్ మిల్స్ రూపకల్పన చేసిన ముఖమండపంలో, రాతిలో చెక్కిన కన్నీటి పాత్రలను చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

అయితే నా మనసంతా గిల్బర్ట్ హంట్ చుట్టూనే తిరిగింది. బానిసగా బతుకుతున్న ఆ కమ్మరి, పైకిటికీలోంచి డాక్టరు జేమ్స్ మెకా ఒక్కొక్కరినే దించుతుంటే కింద నిలబడి సుమారు డజను మంది స్త్రీలను చేతుల్లోకి అందుకున్నాడు. అంత చేసినవాడికి స్వేచ్ఛను ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 1829లో 800 డాలర్లు చెల్లించి తానే కొనుక్కున్నాడు.