88 నుంచి 76కి దిగిన నా ఎంటెక్ ప్రాజెక్టు

ఎంటెక్ ప్రాజెక్టుకి డేటా మైనింగ్ తీసుకున్నప్పుడు అల్గారిథమ్‌లే కష్టమనుకున్నాను. నేను ఎంచుకున్నది పీమా డయాబెటిస్ డేటా. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ దగ్గర ఉండే పీమా తెగ మహిళలు 768 మంది వివరాలవి. గ్లూకోజ్, బీపీ, ఇన్సులిన్, వయసు, ఎన్నిసార్లు గర్భం దాల్చారు... ఇలా 8 అంశాలు. ఐదేళ్లలోపు షుగర్ వచ్చిందా లేదా అన్నది చివరి గడి. 268 మందికి వచ్చింది.

మా అమ్మ పీహెచ్‌సీలో నర్సు. ఒక రాత్రి నా వెనక నిలబడి స్క్రీన్ చూసి, "ఇదేంటే, బీపీ సున్నా అని ఉంది? బతికున్న మనిషికి అలా ఉంటుందా?" అంది. వెతికితే బీపీలో 35 సున్నాలు, ఇన్సులిన్‌లో ఏకంగా 374. కొలత లేని చోటల్లా సున్నా వేశారన్నమాట. రెండు వారాలుగా నేను చూస్తున్న ఫైలే అది.

ఇక ఖాళీలు నింపాలి. నెట్‌లో చాలామంది చేసినట్టే, ఇన్సులిన్ తెలియని చోట షుగర్ వచ్చినవాళ్లకి వాళ్ల మధ్యస్థం (వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే విలువ) 169.5, రానివాళ్లకి 102.5 పెట్టాను. రాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాల ఓట్లతో అంచనా వేసే అల్గారిథమ్) నడిపితే 88 శాతం అంచనాలు సరిపోయాయి! ఆ రాత్రే గైడ్ సార్‌కి మెయిల్ పెట్టాను.

మర్నాడు సార్, మోడల్ ఏ అంశం మీద ఎక్కువ ఆధారపడిందో చూపే జాబితా చూసి ఒక్కటే అడిగారు: "ఇన్సులిన్ మొదటి స్థానంలో ఎందుకొచ్చిందమ్మా? గ్లూకోజ్ కదా రావాలి?"

జవాబు దొరకడానికి రెండు రోజులు పట్టింది. 169.5 కనబడితే షుగర్, 102.5 కనబడితే లేదు. మోడల్ నేర్చుకున్నది అదే. ఫలితం చూసి ఖాళీలు నింపడంతో, జవాబుని నేనే ప్రశ్నలో రాసిపెట్టాను. కొత్తగా వచ్చే మనిషికి అలా ఎలా నింపుతాం? ఆమెకి షుగర్ వస్తుందో రాదో తెలియకే కదా ఈ మోడల్! రివ్యూకి తొమ్మిది రోజులే ఉంది. టెన్షన్‌తో అన్నం సయించలేదు.

మళ్లీ మొదటి నుంచి చేశాను. ముందు 154 మందిని పరీక్ష కోసం పక్కన పెట్టేశాను. మిగతా 614 మందిలో మధ్యస్థం లెక్కగట్టి, ఫలితం చూడకుండా అందరికీ అదే నింపాను. 76 శాతం వచ్చింది. గ్లూకోజ్ పైకొచ్చింది.

వైవాలో తక్కువ కాదా అన్నారు. అందరికీ షుగర్ రాదు అని చెప్పేసినా 65 శాతం వస్తుందని, 1988లో ఇదే డేటా మీద వచ్చిన పేపర్ కూడా 76 దగ్గరే ఆగిందని చూపించాను. ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది అమ్మే. ఆ 154 మందిలో 54 మందికి షుగర్ వచ్చింది, అందులో 20 మందిని మోడల్ పట్టుకోలేదని చెప్పాను. "లేనివాళ్లని ఉందంటే ఇంకో టెస్ట్ చేయించుకుని వెళ్తారు. ఉన్నవాళ్లని లేదంటే కాలికి పుండు పడ్డాక వస్తారే" అంది.

అందుకే ఇప్పుడు కటాఫ్‌ని, అంటే మోడల్ ఇచ్చే అవకాశం ఎంత దాటితే షుగర్ వస్తుందని చెప్పాలో ఆ గీతని, 0.5 నుంచి దించి చూస్తున్నాను. మొత్తం శాతం ఇంకా తగ్గుతుంది. తగ్గనీ.